పొలం బాటల్లో తిరిగే పికప్‌కు సస్పెన్షన్ మార్పులు: ఏది ముందు, ఏది తరువాత, ఏది వద్దు

మన కోలారు జిల్లాలో పికప్ బండి లేని ఊరు ఇప్పుడు వెతికినా దొరకదు. శ్రీనివాసపురం మామిడి, ములబాగిలు టమాటా, మాలూరు కూరగాయలు, బంగారుపేట పక్కన పట్టుగూళ్లు, ఏదైనా తోటలో నుంచి మార్కెట్టుకు చేరాలంటే పికప్పే దిక్కు. 2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్ గనులు మూతపడ్డాక చిన్న బండి కొనుక్కుని బాడుగకు తిప్పి పిల్లల్ని చదివించుకున్న కుటుంబాలు కూడా మనలో ఉన్నాయి. అందుకే సంఘం ఆఫీసుకు వచ్చేవాళ్లు కుల సర్టిఫికెట్ల గురించి, కల్యాణ మండపం గురించి అడిగినట్టే బండ్ల గురించి కూడా అడుగుతుంటారు.

ఎక్కువమంది అడిగేది ఒకటే: "బాట బాగాలేదు, బండి కుంగిపోతోంది, కట్టలు గట్టివి వేయించమంటారా?" నేను మెకానిక్కును కాను. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లు చూసిన గుమాస్తాను. కానీ మా ఇంట్లో జరిగిన ఒక ప్రమాదం తరువాత ఈ విషయం తెలిసినవాళ్లను అడిగి, చట్టం చదివి రాసి పెట్టుకున్నాను. అదే ఇక్కడ క్రమంగా ఇస్తున్నాను. దాచుకుని, బండి షెడ్డుకు పోయే ముందు ఒకసారి చూసుకోండి.

మా ఇంటి అనుభవం

మా చెల్లెలి కొడుక్కు ఒక పాత పికప్ ఉంది. మామిడి సీజను ముందు ఒక రోజు వచ్చి, "మామా, వెనక ఇంకో రెండు పట్టీలు ఎక్కిస్తే ఎంత లోడైనా తట్టుకుంటాదంట. షెడ్డాయన చెప్పినాడు" అన్నాడు. నేనూ సరే అన్నాను. అటు రెండు, ఇటు రెండు పట్టీలు వేశారు, షాకిల్‌లు కూడా పొడవువి మార్చారు. బండి వెనక భాగం పైకి లేచి చూడటానికి జోరుగా కనబడింది. లోడుతో రెండు వారాలు బాగానే తిరిగింది.

ఒక సాయంత్రం వాన పడ్డాక ఖాళీ బండితో మార్కెట్టు నుంచి తిరిగి వస్తూ, ఎర్రమట్టి బాటలో చెరువు కట్ట దగ్గర దిగుడులో బ్రేకు తొక్కాడు. వెనక చక్రాలు ఎగిరెగిరి పడ్డాయి, ముందు చక్రాలు పట్టేశాయి, స్టీరింగు తిప్పినా బండి వినలేదు. కట్ట దిగి పొలంలో పడింది. పిల్లవాడి ఎడమ చెయ్యి విరిగింది. పక్కన కూర్చున్న కూలి మనిషికి దెబ్బలు తగల్లేదు, అది దేవుడి దయ. బండి షెడ్డులో ఉన్న రోజుల్లో రెండు కోతల మామిడి బాడుగ బండికి పోయింది, లాభమంతా అందులోనే పోయింది.

తరువాత ఒక పెద్ద వయసు మెకానిక్ బండి కిందికి దూరి చూసి మూడు తప్పులు చెప్పాడు. షాక్ అబ్జార్బర్లు ఆయిల్ కారి ఎన్నాళ్ల నుంచో చచ్చిపోయి ఉన్నాయి. ఖాళీ బండికి ఆ కట్టలు మరీ బిరుసు. బండి ఎత్తు మారినా బ్రేకు వాల్వు కడ్డీని ఎవరూ సరిచేయలేదు. ఈ మూడింటిలో ఒక్కటి కూడా "కట్ట బలహీనం" అనే తప్పు కాదు. మేము డబ్బు పెట్టింది మాత్రం కట్ట మీదే.

ఏ భాగం ఏ పని చేస్తుంది

కమాన్ కట్ట బరువును మోస్తుంది. గుంతలో చక్రం పైకి కిందికి ఆడటానికి చోటిచ్చేదీ అదే.

షాక్ అబ్జార్బర్ బరువు మోయదు. కట్ట ఒకసారి వంగి లేచాక ఊగుతూనే ఉండకుండా దాన్ని అణచేది అదే. లోడు ఎక్కువై బండి కుంగితే షాక్ అబ్జార్బర్ మారిస్తే లేవదు. గుంత దాటాక బండి మూడు నాలుగుసార్లు ఊగుతుంటే కట్ట మారిస్తే ఆగదు. రోగం ఒకటి, మందు మరొకటి కాకూడదు.

బుష్‌లు, షాకిల్‌లు కట్టను చాసిస్‌కు కలుపుతాయి. ఇవి అరిగితే కిటకిటమని శబ్దం, స్టీరింగు ఒక పక్కకు లాగడం మొదలవుతాయి. యు బోల్టులు కట్టను యాక్సిల్‌కు బిగించి పట్టుకుంటాయి. సెంటర్ బోల్టు పట్టీలను ఒకదానిపై ఒకటి జరగకుండా ఉంచుతుంది. బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మె ఇనుము ఇనుముకు తగలకుండా ఆఖరి అడ్డుగా ఉంటుంది.

మన దగ్గర తిరిగే చిన్న సరుకు బండ్లు చాలావాటిలో వెనక పట్టీల కట్టే ఉంటుంది. 2005లో వచ్చిన టాటా ఏస్‌లో ముందు కూడా పట్టీలే. ఆంధ్రలోని శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మ్యాక్స్ లాంటి వాటిలో ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక పట్టీలు. ముందు ఏముందో తెలియకుండా "కిట్" కొనకండి. కాయిల్ బండికి, పట్టీల బండికి వేర్వేరు సామాన్లు, వేర్వేరు కొలతలు.

మొదటి పని: కాటా చీటీ

కట్ట గురించి ఆలోచించే ముందు బండిని వేబ్రిడ్జి మీద ఎక్కించండి. మూడు తూకాలు కావాలి: ఖాళీ బండి, మీరు మామూలుగా వేసే లోడుతో బండి, అదే లోడుతో ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఇంకొకటి. మొత్తంలో నుంచి ముందు బరువు తీసేస్తే వెనక యాక్సిల్ మీద పడేది తెలుస్తుంది. కాటా చుట్టూ నేల సమంగా ఉన్నచోట తూచాలి.

ఇప్పుడు ఆర్‌సీ తీయండి. అందులో ఖాళీ బరువు, మొత్తం అనుమతించిన బరువు రెండూ ఉంటాయి. ఆ తేడాలోనే డ్రైవరు, కూలి, సరుకు, క్రేట్లు, తాళ్లు, టార్పాలిన్ అన్నీ ఇమడాలి.

ఒక లెక్క చూద్దాం. ఆర్‌సీలో మొత్తం బరువు 2,990 కిలోలు, ఖాళీ బరువు 1,740 కిలోలు అనుకుందాం. తేడా 1,250. ఇద్దరు మనుషులకు 140 తీస్తే మిగిలేది 1,110 కిలోలు. కోలారు మార్కెట్టులో టమాటా క్రేటు 15 కిలోల లెక్క. ఖాళీ క్రేటు ఒకటిన్నర కిలో వేసుకుంటే ఒక్కొక్కటి 16.5 కిలోలు. అంటే ఆ బండికి న్యాయంగా పట్టేది 67 క్రేట్లు. "నూరు వేసెయ్" అంటే 540 కిలోలు అదనం. 2023 జూలైలో టమాటా క్రేటు రెండు వేల రూపాయలు దాటినప్పుడు మనవాళ్లు ఇంకో పది, ఇంకో ఇరవై అంటూ ఎక్కించారు. ధర చూసి ఎక్కించిన బరువును బండి మోయాల్సిందే కదా.

చీటీ చూశాక రెండే దారులు. అనుమతించిన బరువులోపలే ఉండి కూడా బండి కుంగుతుంటే కట్ట నీరసించింది, మార్చాలి. బరువే ఎక్కువైతే ఏ సస్పెన్షనూ దానికి మందు కాదు. రెండు ట్రిప్పులు వేయాలి, లేదా పెద్ద బండి కావాలి. గట్టి కట్ట వేసినందువల్ల ఆర్‌సీలో బరువు పెరగదు. చాసిస్, యాక్సిల్, బేరింగులు, బ్రేకులు, టైర్లు పాతవే ఉంటాయి. కట్ట విరగకపోతే ఆ భారం తరువాతి బలహీనమైన చోటికి పోతుంది. అది చాలాసార్లు కట్ట బ్రాకెట్ దగ్గర చాసిస్ పగులుగా తేలుతుంది.

వీడియోల్లో ఆస్ట్రేలియావాళ్లు సస్పెన్షన్ కిట్ వేసి బండి మొత్తం బరువు పెంచుకోవడం మన పిల్లలు చూస్తుంటారు. అక్కడ దానికి ఇంజనీరింగ్ ధృవీకరణతో ప్రత్యేక పద్ధతి ఉంది. ఆ వీడియో చూసి ఇక్కడ షెడ్డులో అదే చేయించుకుంటే బరువు హక్కు రాదు, జరిమానా వస్తుంది.

రెండో పని: ఉన్నదాన్ని చూసుకోవడం

కొత్త సామాను కొనే ముందు ఒక ఆదివారం పూట బండి కడిగి, సమమైన నేల మీద నిలిపి, చక్రాలకు రాళ్లు పెట్టి ఇవి చూడండి.

— రెండు వైపులా చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు ఎత్తు కొలవండి. ఒక పక్క స్పష్టంగా తక్కువుంటే ఆ కట్ట వాలిపోయింది, లేదా పట్టీ విరిగింది.
— పట్టీల మధ్య తుప్పు గీత, అడ్డంగా సన్నటి పగులు ఉన్నాయా? సెంటర్ బోల్టు దగ్గర బాగా చూడండి.
— షాక్ అబ్జార్బర్ మీద తడి ఆయిల్, దానికి అంటిన మట్టి ముద్ద ఉంటే అది పోయినట్టే.
— షాకిల్ బుష్‌లో కడ్డీ పెట్టి కదిపితే ఆడుతోందా?
— యు బోల్టు నట్టు దగ్గర మెరిసే గీత కనబడితే అక్కడ కదలిక ఉంది, బిగింపు వదులైంది.
— బంప్ స్టాప్ రబ్బరు ఉందా, ఊడిపోయిందా?

బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, యు బోల్టులు కొత్తవి వేస్తేనే సగం బండ్లు "కొత్త బండిలా ఉంది" అనిపిస్తాయి. కట్ట జోలికి పోనవసరమే ఉండదు.

మూడో పని: టైర్లు, గాలి

పొలం బాటలో సస్పెన్షన్ కన్నా ముందు గుంతను తాకేది టైరు. కంపెనీ చెప్పిన సైజు, బరువు సామర్థ్యం ఉన్న టైరే వేయండి. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో ఖాళీకి, లోడుకు వేర్వేరు గాలి లెక్కలు ఉంటాయి. ఏడాదంతా లోడు లెక్కనే ఉంచి ఖాళీగా తిరిగితే టైరు రాయిలా ఉండి, మీరు కట్టను తిడతారు. బురదలో ఇరుక్కున్నప్పుడు ఖాళీ బండికి గాలి కొంచెం తగ్గిస్తే పట్టు దొరుకుతుంది. కానీ జాతీయ రహదారి 75 ఎక్కే ముందు మళ్లీ నింపాలి. తక్కువ గాలితో, లోడుతో, వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది.

కట్టల్లో ఏమేమి మార్పులు ఉన్నాయి

*పట్టీ చేర్చడం.* ఒకే మందం ఉన్న ఏడు పట్టీల కట్టకు ఇంకొకటి చేరిస్తే బిరుసుతనం సుమారు ఏడో వంతు పెరుగుతుంది. మందం మారిస్తే మాత్రం లెక్క వేరు. పట్టీ బిరుసుతనం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల పట్టీ తీసి 10 మిల్లీమీటర్లది వేస్తే, ఆ ఒక్క పట్టీ దాదాపు రెట్టింపు బిరుసవుతుంది. "రెండు మిల్లీమీటర్లే కదా సార్" అన్న మాటకు అర్థం ఇదీ. ఎప్పుడూ లోడుతోనే తిరిగే బండికి ఒక పట్టీ చేర్చడం పనికి రావచ్చు. పోయేటప్పుడు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ అయ్యే మన బండ్లకు అది సగం దూరం నష్టమే. ఖాళీ వెనక చక్రం గుంత దాటాక నేలను వదిలేస్తుంది. నేలను వదిలిన చక్రానికి లాగే శక్తీ లేదు, ఆగే శక్తీ లేదు.

*హెల్పర్ కట్ట.* అసలు కట్ట పైన విడిగా ఉండి, లోడు పడి బండి కొంత దిగాక మాత్రమే పని మొదలుపెట్టే కట్ట ఇది. ఖాళీలో అసలు కట్ట మెత్తగా ఆడుతుంది, లోడులో రెండూ కలిసి మోస్తాయి. టమాటా, మామిడి బండ్లకు నా మాట ఇదే. మీ మోడలుకు కంపెనీయే హెల్పర్ ఉన్న రకం ఇస్తోందేమో ముందు అడగండి, ఆ సామానే అన్నిటికన్నా మేలు.

*గాలి బెలూన్లు.* కట్టకూ చాసిస్‌కూ మధ్య పెట్టి గాలి నింపుకునేవి. లోడును బట్టి గాలి పెంచి తగ్గించుకోవచ్చు, అది వాటి సుఖం. ముల్లు, పదునైన రాయి, వేడి సైలెన్సర్ వాటికి శత్రువులు. పైగా బరువంతా చాసిస్‌లో ఒకే చోట నొక్కుతుంది కాబట్టి, గుంతల బాటలో అధిక లోడుతో వాడితే చాసిస్ వంగే ప్రమాదం ఉంది. బండిని సమం చేయడానికి అవి సరే, అదనపు లోడు మోయించడానికి కాదు.

*పాత కట్టకు వంపు కొట్టించడం.* వాలిపోయిన పట్టీలకు మళ్లీ వంపు తెప్పించడం మన ఊళ్లలో పాత అలవాటు. కొలిమిలో ఎర్రగా కాల్చి కొట్టిస్తే స్ప్రింగు ఉక్కు పదును పోతుంది. కొన్నాళ్లకు మళ్లీ వాలుతుంది, లేదా పుటుక్కున విరుగుతుంది. విరిగిన పట్టీకి వెల్డింగ్ అసలే వద్దు. కట్ట మార్చేటప్పుడు రెండు వైపులా జతగా మార్చాలి.

బండి ఎత్తు పెంచడం గురించి

చెరువు బాటల్లో, గుండ్ల మధ్య కింద తగులుతోందని ఎత్తు పెంచాలనుకుంటారు. మన ఎర్రనేలలో బాట మధ్యలో రాయి పొడుచుకుని ఉంటుంది కాబట్టి ఆ కోరిక అర్థమయ్యేదే. కానీ ఎత్తుతో పాటు మారేవి చాలా ఉన్నాయి.

పొడవు షాకిల్ వేస్తే, పెంచిన పొడవులో సగమే ఎత్తు వస్తుంది. నాలుగు అంగుళాలు పెంచితే లేచేది రెండే. షాకిల్ పక్కలకు ఊగడం మాత్రం పెరుగుతుంది. ముందు పట్టీలున్న బండికి ముందు షాకిల్ మారిస్తే స్టీరింగు తిరిగి నిటారుకు వచ్చే గుణం కూడా మారుతుంది. యాక్సిల్‌కూ కట్టకూ మధ్య దిమ్మెలు పెట్టడం ఇంకొక పద్ధతి. ముందు యాక్సిల్‌కు దిమ్మెలు ఎప్పుడూ పెట్టకూడదు. వెనక కూడా దిమ్మె మీద దిమ్మె పేర్చడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఎత్తు మారితే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి జాయింట్లు త్వరగా పోతాయి. బ్రేకు గొట్టం చాలక సాగుతుంది. పాత షాక్ అబ్జార్బర్ పొడవు చాలక, చక్రం కిందికి జారినప్పుడల్లా అదే ఆఖరి తాడులా లాగబడి బిగింపు ఊడుతుంది. హెడ్‌లైటు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. అన్నిటికన్నా పెద్దది, క్రేట్లు ఆరు వరుసలు పేర్చిన బండికి బరువు కేంద్రం ఇంకా పైకి పోతుంది. వాలు కట్ట మీద పక్కకు పడటానికి ఎక్కువ పని ఉండదు.

తగిలే బండికి ముందు చేయాల్సింది కింద ఇంజను ఆయిల్ చాంబరుకు గట్టి రేకు కవచం వేయించడం, బాటలో ఆ ఒక్క రాయిని గునపంతో తీయించడం. నలుగురు రైతులు కలిస్తే ఒక పూట పని. ఇది నవ్వులాటకు చెప్పడం లేదు.

ఎవరూ చెప్పని బ్రేకు వాల్వు

చాలా పికప్‌లలో వెనక యాక్సిల్‌కు ఒక సన్న కడ్డీ, దాని పైన చాసిస్‌కు బిగించిన ఒక వాల్వు ఉంటాయి. లోడు పడి బండి కిందికి దిగితే కడ్డీ వాల్వును తిప్పి వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. బండి ఖాళీగా పైకి ఉంటే వెనక బ్రేకు తగ్గిస్తుంది, ఖాళీ వెనక చక్రాలు పట్టేయకుండా ఉండటానికి.

ఇప్పుడు మీరు గట్టి కట్టలు వేశారు, ఎత్తు పెంచారు. పూర్తి లోడు వేసినా బండి దిగదు. వాల్వు మాత్రం "బండి ఖాళీ" అనే అనుకుంటుంది. వెనక బ్రేకు సరిగా పనిచేయదు, భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది, బండి ఆగే దూరం పెరుగుతుంది. ముందు చక్రాలు పట్టేస్తే స్టీరింగు వినదు. మా పిల్లవాడికి జరిగింది ఇదే. కట్టలో ఏ మార్పు చేసినా, ఆ కడ్డీ కొలతను కంపెనీ పుస్తకంలో ఉన్నట్టు సరిచేయించి, ఖాళీతోనూ లోడుతోనూ ఖాళీ స్థలంలో బ్రేకు పరీక్షించాకే రోడ్డెక్కండి. కొందరు "ఇది అడ్డంగా ఉంది" అని కడ్డీని తీసేసి తీగతో కడతారు. అలాంటి షెడ్డుకు మళ్లీ పోకండి.

షాక్ అబ్జార్బర్ ఎలా ఎంచుకోవాలి

మామూలు ఆయిల్ రకం, గ్యాస్ నింపిన రకం రెండూ దొరుకుతాయి. గరుకు బాటలో ఎక్కువ దూరం ఆగకుండా నడిస్తే ఆయిల్ వేడెక్కి నురుగై, అణిచే శక్తి తగ్గుతుంది. గ్యాస్ ఒత్తిడి ఆ నురుగును తగ్గిస్తుంది. రోజుకు పది కిలోమీటర్ల మట్టి బాట ఉన్నవాళ్లకు కంపెనీ రకమే చాలు. రోజంతా క్వారీ బాటల్లో, గుట్టల్లో తిరిగేవాళ్లకు గ్యాస్ రకం మేలు. కట్ట బిరుసు పెరిగితే దాన్ని అణచగల షాక్ అబ్జార్బర్ కూడా కావాలి. ఒక్కటే మార్చి రెండోది వదిలేయకండి. ఎప్పుడూ జతగా వేయండి.

ఎవరికి ఏది

టమాటా, మామిడి బండి, పోతూ లోడు, వస్తూ ఖాళీ: మంచి టైర్లు, కొత్త బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, తరువాత హెల్పర్ కట్ట.

పాల క్యాన్లు, మల్బరీ ఆకు, పట్టుగూళ్లు మోసే బండి: లోడు తక్కువ కాబట్టి కట్ట ముట్టుకోవద్దు. షాక్ అబ్జార్బర్లు బాగుంటే సరుకూ నలగదు.

నీళ్ల ట్యాంకు బండి: లీటరు నీళ్లు కిలో బరువు. వెయ్యి లీటర్లంటే టన్ను, ట్యాంకు బరువు వేరే. సగం నిండిన ట్యాంకులో నీళ్లు పక్కలకు కొట్టుకుంటాయి. లోపల అడ్డుపలకలు ఉన్న ట్యాంకు పెట్టించండి. ఎత్తు పెంచడం ఈ బండికి అసలే పనికి రాదు.

కుటుంబంతో అవని కొండకో, తోట ఇంటికో పోయే డబుల్ క్యాబిన్ బండి: వెనక ఖాళీగా తిరిగేది ఎక్కువ కాబట్టి బిరుసు కట్ట వద్దు. మంచి టైర్లు, గ్యాస్ షాక్ అబ్జార్బర్లు చాలు.

చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండవచ్చు. అధిక లోడుకు 194వ సెక్షన్‌లో 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. అదనపు సరుకు దించేదాకా బండి కదలనివ్వరు. ఎండలో టమాటా దించి నిలబడితే జరిమానా కన్నా సరుకు నష్టమే పెద్దది.

అరిగిన భాగాన్ని అదే రకం కొత్త భాగంతో మార్చడం మార్పు కాదు, మరమ్మతు. అంతకు మించి ఏదైనా చేయాలంటే ముందు మీ ఆర్‌టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. కేఏ 07 బండ్లకు కోలారు, కేఏ 08 బండ్లకు కేజీఎఫ్. ఇన్సూరెన్సువాళ్లకూ తెలియజేయండి. ప్రమాదం జరిగాక సర్వేయరు బండి కిందికి వంగి చూసేది మొదట ఇవే.

షెడ్డులో అడగాల్సినవి

— ఏ పట్టీ, ఏ మందం, ఏ కంపెనీ? బిల్లులో రాసిస్తారా?
— సెంటర్ బోల్టు, యు బోల్టులు కొత్తవేనా? పాత యు బోల్టులు తిరిగి వాడవద్దు.
— బ్రేకు వాల్వు కడ్డీ సరిచేస్తారా?
— బిగింపు టార్క్ రెంచితోనా, చేతి అంచనాతోనా?
— 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించి ఇస్తారా? కొత్త కట్ట సర్దుకున్నాక యు బోల్టులు తప్పకుండా వదులవుతాయి.

మన కేజీఎఫ్‌లో బెమెల్ ఫ్యాక్టరీలో బుల్డోజర్లు, ఎక్స్‌కవేటర్ల మీద పనిచేసి రిటైరైన పెద్దలు చాలామంది ఉన్నారు. ఇనుము ఎక్కడ పగులుతుందో చూపుతోనే పట్టగలిగిన చేతులు అవి. కొత్త సామాను కొనే ముందు మీ వీధిలోనే ఉన్న అలాంటి ఒక పెద్దాయనను పిలిచి, ఒక కాఫీ ఇచ్చి, బండి కింద ఒకసారి చూడమనండి.

సంఘం ఏ షెడ్డు పేరూ, ఏ కంపెనీ పేరూ సిఫారసు చేయదు. ఈ విషయమై ఆఫీసుకు వచ్చేవాళ్లు మాత్రం ఆర్‌సీ, ఇన్సూరెన్సు కాపీతో పాటు కాటా చీటీ కూడా తీసుకురండి. చీటీ లేకుండా కట్ట గురించి మాట్లాడితే నాకూ తెలియదు, మీకూ తెలియదు. మా చెల్లెలి కొడుకు చెయ్యి అతికింది. ఇప్పుడు అతని బండికి కంపెనీ కట్టలు, హెల్పర్ కట్ట, కొత్త షాక్ అబ్జార్బర్లు ఉన్నాయి. డ్యాష్‌బోర్డు మీద దేవుడి పటం పక్కన ఒక చిన్న కాగితం అంటించుకున్నాడు: "67 క్రేట్లు".